పిల్ల ఉంటేనే లోపలికి

ఆదివారం పొద్దున బాబూరావు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. అది అంతర్జాతీయ బాలల సంవత్సరం. బేగంబజార్ దగ్గరి టాకీసులో పిల్లల కోసం, వాళ్ల కుటుంబాల కోసం వారం రోజులు దేశదేశాల సినిమాలు ఉచితంగా వేస్తున్నారు. ఆ రోజు ఎలుగుబంటి సినిమా. గేటుకు బోర్డు కట్టారు: పిల్లలు వెంటలేని పెద్దలకు ప్రవేశం లేదు. సినిమా అంటే పడిచచ్చే బాబూరావుకు ముప్పై అయిదేళ్లొచ్చినా పెళ్లి కాలేదు. ఇక పిల్లలెక్కణ్ణుంచి వస్తారు?

అందుకని ఇంటి ఓనరు లక్ష్మీకాంతమ్మ మనవరాలిని, ఏడేళ్ల సావిత్రిని అడిగి తీసుకున్నాడు. లక్ష్మీకాంతమ్మకు ఇత్తడి సామాను దుకాణం ఉంది. గొంతు కూడా ఆ సామానుకు తగ్గట్టే ఉంటుంది.

“సూడు బాబూరావ్, నా మనవరాలి చెయ్యి ఇడిచినవనుకో, నీ సామాను బజార్ల ఉంటది” అంది.

పెళ్లికానివాడికి గది దొరకడం ఎంత కష్టమో ఏడిళ్లు తిరిగిన బాబూరావుకు తెలుసు. పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని బయలుదేరాడు.

గేటు కాసే రామలింగం పిల్లను చూసి పక్కకు తప్పుకున్నాడు. లోపల మంచి సీట్లే దొరికాయి. కూర్చున్నారో లేదో, తాళం వేసిన పక్క తలుపు ఊచల్లోంచి ఎవరో పిలిచారు. చూస్తే కరెంటాఫీసులో తన పై అధికారి పురుషోత్తం.

“ఏందయ్యా, పిల్ల లేకుంటే పోనియ్యనంటున్నడు. మా పిల్లలు ఊరికి పోయిన్రు. నీ పిల్లను జర ఇటియ్యి.”

“సార్, గీమె మా ఓనరమ్మ మనవరాలు సార్...”

“నేనేమన్న కొరుక్క తింటనా? లోపటికి రాంగనే నీకు అప్పజెప్త.”

ఆఫీసరు అడిగితే సెలవురోజైనా కాదనడం బాబూరావుకు చేతకాదు. ఊచల సందులో పెద్దవాళ్లు పట్టరు గానీ సావిత్రి పట్టింది. రెండు నిమిషాల్లో పురుషోత్తం ఆమె చెయ్యి పట్టుకుని కన్నతండ్రిలా నడిచొచ్చాడు. వచ్చి, “మా బామ్మర్ది బాలకిషన్ గూడ బయటనే ఉన్నడు. ఒక్క ట్రిప్పు” అన్నాడు. బాలకిషన్ తర్వాత అతని దోస్తు, ఆ దోస్తుకు ఇంకో దోస్తు. మనిషికొక పల్లీపట్టీ ముడుతుంటే సావిత్రికి ఈ ఆట సినిమాకన్నా బాగుంది.

మూడోసారికి రామలింగానికి అనుమానమొచ్చింది.

“భాయ్, గీ పిల్లను ఇందాక సూసిన గదా?”

“మావోళ్లు కవలలు” అన్నాడు వచ్చినవాడు.

నాలుగోసారి అడిగితే ఆ వచ్చినవాడు కవలలు కాదు, ముగ్గురన్నాడు. ఆ తర్వాత రామలింగం అడగడం మానేశాడు.

దీపాలారాయి. తెర మీదికి ఎలుగుబంటి వచ్చింది గానీ పక్క సీట్లోకి సావిత్రి రాలేదు. బాబూరావు లేచి పక్క తలుపు దగ్గరికి పరిగెత్తాడు. ఊచల్లోంచి చూస్తే బయట సోడా బండి తప్ప ఏమీ లేదు. గేటు దాటి రోడ్డు మీదికి ఉరికాడు. రిక్షాలు, తోపుడు బండ్లు, గోనె సంచులు మోసే హమాలీలు. సావిత్రి ఎర్రగౌను ఎక్కడా కనిపించలేదు. ఎవరు ఎత్తుకుపోయారో, ఏ సందులో ఏడుస్తోందో! గది సంగతే మరిచిపోయాడు. పిల్ల దొరికితే చాలు దేవుడా అనుకుంటూ సోడా బండివాణ్ణి అడిగాడు.

“ఎర్రగౌను పోరియా? పన్నెండో నాయినతోని లోపటికి వోయింది.”

పోయిన ప్రాణం లేచొచ్చింది. గేటుకు పరిగెత్తితే రామలింగం చెయ్యి అడ్డం పెట్టాడు.

“పిల్ల ఏది?”

“లోపటున్నది!”

“అందరు గట్లనే అంటరు. పిల్లను తెచ్చుకో, పో.”

సరిగ్గా అప్పుడే రిక్షా ఆగి లక్ష్మీకాంతమ్మ దిగింది. మీ మనవరాలి చెయ్యి పట్టుకుని ఎవరెవరో మగవాళ్లు తిరుగుతున్నారని పక్క దుకాణం వాళ్లు చెప్పారట.

“పిల్ల ఏది?” అంది ఆమె కూడా.

“లోపటున్నదమ్మా...”

“మరి నువ్వు బయటెందుకున్నవ్?”

బాబూరావు గేటు వైపు చెయ్యి చూపించాడు. ఆమె గేటుకేసి నడిచింది. రామలింగం ఆమెనూ ఆపాడు.

“పిల్ల లేకుంటే పోనియ్యనమ్మా. రూలు.”

లక్ష్మీకాంతమ్మ అతణ్ణి ఎగాదిగా చూసింది. బాబూరావు చెవి పట్టుకుని ముందుకు లాగింది.

“ఇగో పిల్లగాడు. ఇంక పెండ్లి గాలే. జరుగు!”

రామలింగం బాబూరావు మీసం వైపు చూశాడు, చెవి వైపు చూశాడు. జరిగాడు.

లోపల ఇంటర్వెల్ కావడంతో దీపాలు వెలిగి ఉన్నాయి. పిల్లలకు బిస్కెట్లు పంచుతున్న నిర్వాహకుడు ఒక వరస దగ్గర ఆగిపోయాడు. బాబూరావు పోగా మిగిలిన పదకొండుమంది మగవాళ్లు, మధ్యలో పల్లీపట్టీ నములుతూ ఒకే ఒక్క సావిత్రి.

“ఈ పాప ఎవరి పాప?” అన్నాడాయన.

పదకొండుమందీ ఒక్కసారే లేచారు. అందరికంటే ముందు పురుషోత్తం లేచాడు.

“దీని నాయిన, నా కొడుకు, దుక్నంల కూసున్నడు. వీళ్లంత ఎవరు?” అంది వెనకనుంచి లక్ష్మీకాంతమ్మ.

హాలంతా గొల్లుమంది. లక్ష్మీకాంతమ్మ మాత్రం మనవరాలిని ఒళ్లోకి లాక్కుని కళ్లు తుడుచుకుంది. పదకొండుమందినీ బయటికి పంపుతుంటే పురుషోత్తం తలుపు దగ్గర తిరగబడ్డాడు.

“మరి బాబూరావును ఎందుకు ఉంచిన్రు?”

“గాయన పిల్లల లెక్కల వచ్చిండు సార్” అన్నాడు రామలింగం.

మళ్లీ దీపాలారాయి. ఎలుగుబంటి నదిలో చేపలు పడుతోంది. బాబూరావు భయంభయంగా అడిగాడు.

“అమ్మా, రూం ఖాళీ చెయ్యాల్నా?”

“పిల్లగాండ్లను ఎవలన్న ఇంట్లకెల్లి ఎల్లగొడ్తర్రా? సుప్పుడు జెయ్యక సినిమా సూడు” అంది లక్ష్మీకాంతమ్మ.

చెవి మాత్రం సినిమా అయిపోయేదాకా వదల్లేదు.