రెండో గది తాళంచెవి

ఒక నగరం ఏపాటి నాగరికమైనదో తెలియాలంటే అది తన గతాన్ని ఎంత భద్రంగా దాచుకుందో చూడాలి. ఎవరి కంటా పడకుండా దాచగలిగితే అది మహానగరం కిందే లెక్క. ఈ కొలత ప్రకారం ఒక చిన్న నగరపు మ్యూజియం ప్రపంచ స్థాయిది. అది ఉన్నది పాత రైల్వే స్టేషనులో. రైళ్లు రావడం మానేశాక (వాటి వల్ల భవనం అదురుతోందని ఫిర్యాదు) స్టేషనును చారిత్రకమని ప్రకటించి, మూడు గదుల్లో చరిత్రను సర్దేశారు.

ఒక ఆదివారం, తాళాలు బాగుచేసే ఒకాయన తన ఇద్దరు పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికి వచ్చాడు. కొడుక్కి ఐదేళ్లు, వాడికి రైలు కావాలి. కూతురికి తొమ్మిది, దానికి ముక్కు కావాలి. అంటే ముక్కు లేదని కాదు, ఉన్నదే కాస్త ఎక్కువ. ఇంట్లో అందరూ "అచ్చం తాత ముక్కే" అంటారు. బళ్లో పిల్లలు ఇంకేవేవో అంటారు. ఆ తాత పిల్ల పుట్టకముందే పోయాడు. ఇల్లు మారినప్పుడు ఫోటోలున్న పెట్టె వానకు తడిసి ముద్దయింది. ఇక మిగిలింది స్టేషను సిబ్బంది గ్రూపు ఫోటో ఒక్కటే. అందులో ఎడమ నుంచి మూడోవాడు తాత. ఆ ఫోటో మ్యూజియం రెండో గదిలో ఉంది. నిజానికి ఈమధ్య తాళాలాయనకే తన తండ్రి మొహం సరిగ్గా గుర్తుకు రావడం లేదు. సిగ్గేసి ఆ మాట ఎవరితోనూ అనలేదు.

టికెట్టు కిటికీ దగ్గర ఉన్నది వాళ్లు ముగ్గురే. అయినా క్యూ కోసం తాడు కట్టిన మెలికలన్నీ తిరిగే రావాలని అటెండరు పట్టుబట్టాడు.

"రైలెప్పుడొస్తుంది?" అన్నాడు పిల్లాడు.

"రాదు బాబూ. కానీ ఆలస్యంగా నడుస్తోందని రోజూ మైకులో చెబుతాం. చారిత్రక వాతావరణం ఉండాలి కదా."

వాడు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. ఆలస్యమే కదా, వస్తుందిలే అని.

మొదటి గదిలో పగిలిన కుండలున్నాయి (పగలనివి ఆఫీసువాళ్లు వాడుకుంటున్నారు). రెండో గదికి తాళం వేసి ఉంది.

"తాళంచెవి మూడో గదిలో ఉందండీ," అన్నాడు అటెండరు.

"తెచ్చి తీయండి మరి."

"అమ్మో, దాన్ని ముట్టుకోకూడదు. ప్రదర్శనలో ఉంది."

మూడో గదిలో గాజు పెట్టెలో, ఎర్ర మఖమల్ గుడ్డ మీద తాళంచెవి హాయిగా పడుకుని ఉంది. పక్కనే చీటీ: "స్టేషను కాలం నాటి తాళంచెవి. రెండో గదిది. పనిచేస్తుంది." నిబంధన పదకొండు ప్రకారం అరవై ఏళ్లు దాటిన ప్రతి వస్తువూ ప్రదర్శనకే, వాడకం నిషిద్ధం. నాలుగేళ్ల కిందట తాళంచెవికి అరవై నిండాయి. వెంటనే గది మూసి, తాళం వేసి, దాన్ని సగౌరవంగా పెట్టెలో పెట్టారు. (మ్యూజియం సంరక్షణాధికారి కుర్చీకి యాభై తొమ్మిది. ఆయన దిగులు ఆయనది.)

తాళాలాయన రెండో గది దగ్గరికి తిరిగొచ్చి, వంగి తాళం చూశాడు. ఊళ్లో మొరాయించిన బీరువాలు, బిగుసుకుపోయిన షట్టర్లు, అన్నీ అతని మాట వినేవే. "రెండు నిమిషాల పనండీ. తీగముక్క చాలు. గీత కూడా పడనివ్వను," అన్నాడు.

సంరక్షణాధికారి పరుగున వచ్చాడు. "ఆ తాళం కూడా పురావస్తువే. 'వేసి ఉంది' అని నమోదైంది. మీరు తీస్తే చరిత్రను వక్రీకరించినట్టు కాదూ?"

"లోపల మా నాన్న ఉన్నాడండీ."

"భద్రంగా ఉన్నారు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండండి."

కూతురు తాళం రంధ్రానికి కన్ను ఆనించింది. అంతా చీకటి. "నాన్నా, నువ్వు అందరి తాళాలూ తీస్తావు కదా?" అంది.

అతను జేబులో చెయ్యి పెట్టాడు. తీగ వేళ్లకు తగిలింది. కానీ సొంతదారు వద్దన్న తలుపు తీస్తే, మర్నాటి నుంచి తాళాలవాణ్ణి పిలిచే పేరు వేరు. చెయ్యి బయటికి తీసేశాడు.

అధికారి మనసు కరిగింది (నిబంధన పదమూడు అందుకు అనుమతిస్తుంది). లావుపాటి రిజిస్టరు తెచ్చి పేజీ తీశాడు. "ఫోటో కంటే ఇదే ప్రామాణికం, చదువుకోమ్మా."

"ఎడమ నుంచి మూడవ వ్యక్తి. పురుషుడు. కళ్లు: రెండు. ముక్కు: ఒకటి. స్థితి: సంతృప్తికరం."

పిల్ల వేలు పెట్టి మూడుసార్లు చదివింది. "ముక్కు పెద్దదా, చిన్నదా?"

"కొలతల గడి లేదమ్మా."

పిల్ల తండ్రి వైపు తిరిగింది. అతను ఎంత గింజుకున్నా తండ్రి మొహం కళ్లముందుకు రాలేదు. "పెద్దదేనే. చాలా అందమైన ముక్కు," అన్నాడు చివరికి, కూతురి మొహం చూస్తూ. పిల్ల మొదటిసారి నవ్వింది.

"చూసినట్టు ఇక్కడ సంతకం," అన్నాడు అధికారి.

ఆ ఏటి వార్షిక నివేదికలో రెండో గది సందర్శకులు ముగ్గురు, ముగ్గురికీ పూర్తి సంతృప్తి అని రాశారు. తెరవకుండానే ఇంత ఆదరణ లభిస్తున్నందున, మిగతా రెండు గదులకూ తాళాలు వేయాలని సిఫారసు చేశారు.