బొమ్మల కథకు సబ్బునీళ్ల పరీక్ష

మానవ నాగరికతలో ఏ కళకైనా మొదటి అడ్డంకి వడియాలే. పోచంపల్లిలో బొమ్మల కథలు గీసే అశోక్‌కుమార్, సిరా ఆరని పేజీలను డాబా మీది మంచంపై పరిచాడు. అది భార్య ఉష వడియాల కోసం పొద్దున్నే తుడిచి పెట్టుకున్న మంచం.

"గీ మంచం తప్ప నీ బొమ్మలకు జాగా దొరకలేదా?"

"రేపే ఆఫీసుల పెట్టాలె. వడియాలు ఎప్పుడైనా ఎండుతయి."

ఉష పిండిని గిన్నెలోనే ఉంచింది. పెళ్లయినప్పటి నుంచీ ఆయన గీస్తున్నది ఈ ఒక్క కథే: తప్పిపోయిన మేక కోసం భువనగిరి గుట్ట ఎక్కిన పిల్ల, పైన దొంగను పట్టుకుంటుంది. అచ్చుకు సర్కారు సాయం వస్తే అది పుస్తకం. రాకుంటే బీరువా మీది కట్ట.

పోచంపల్లి నుంచి వచ్చిన బొమ్మ ఏదైనా చీర మీదికే పోవాలన్నది నియమం (దాన్ని ఎవరూ చూడలేదు, అందుకే ఎవరూ మార్చలేదు). కనుక ఫైలు వస్త్ర నమూనాల ఆమోద విభాగానికి చేరింది. అధికారి సుమన మేడం పేజీలను శ్రద్ధగా తిరగేశారు.

"డిజైన్ సగమే ఉన్నది. రెండో సగం అద్దంల చూసినట్టు రావాలె గదా?"

"మేడం, గిది కథ."

"ఏదైనా గానీ. అంచు గూడ లేదు."

అశోక్ సరిచేశాడు. పిల్ల గుట్ట ఎక్కి దొంగను పట్టుకుంది. ఆపైన తిరుగు వరుసలో దొంగను వదిలేసి, గుట్ట దిగి, మేకను మళ్లీ పోగొట్టుకుంది. నాలుగు పక్కలా ఏనుగులు నడిచాయి.

తర్వాత రంగు పరీక్ష. దానికి ఉష కూడా వెంట వెళ్లింది. జవాను మొదటి పేజీని సబ్బునీళ్లలో ముంచి, నిబంధన ప్రకారం పిండాడు. పిల్ల ముఖం బకెట్లో కలిసిపోయింది.

"రంగు నిలుస్తలేదు. చీరకు పనికిరాదు," అన్నారు మేడం విచారంగా. "దిండు గలేబులకు రాస్త. ఉతికేది తక్కువ గదా." (ఆమె మంచి మనిషే.) మాటల బుడగలు మాత్రం తీసేయమన్నారు, పడుకునేవారికి నిద్రాభంగమట.

ఇంటికొచ్చి అందరూ భోజనానికి కూర్చున్నారు. అశోక్ అన్నం కలుపుతూ తండ్రితో చెప్పాడు.

"బాపూ, గలేబులకు ఒప్పుకుంటున్న. పుస్తకం ముచ్చట ఇడిచిపెట్టిన."

ఉష చేతిలో గరిటె ఆగింది. బతుకంతా మగ్గం మీదే గడిపిన ధర్మయ్య, కొడుకు గీతల గురించి ఏనాడూ మంచీ చెడూ అననివాడు, తలెత్తాడు.

"బిడ్డా ఉషా, పనిచేసేటోనికి ఇంకింత అన్నం పెట్టు."