రొయ్యల చెరువుల బ్రదర్

ఆ శనివారం ఉదయం షాలేం రాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య లూసీ కూరగాయలకు వెళ్తుంది. ఆమె తిరిగొచ్చేలోగా అప్పుల కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. అప్పట్లో తన దగ్గర చిల్లిగవ్వ లేదని ఇతను ఒప్పుకుంటాడు, కట్టిన ఫీజులు వెనక్కి వస్తాయి. ఇంత చక్కటి పథకానికి అడ్డేముంటుందని కాఫీ కలుపుకుంటూ ఈల కూడా వేశాడు.

కథ కిందటి క్రిస్మస్‌ది. అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగు చర్చి సంఘంలో ఈసారి విందు ఎవరు పెడతారని పాస్టర్ ఏసుపాదంగారు అడగ్గానే షాలేం రాజు చెయ్యెత్తాడు. ఆ వారమే అతని ప్రాజెక్టు అయిపోయింది, కంపెనీ బెంచి మీద కూర్చోబెట్టింది, జీతం ఆగింది. ఎత్తిన చెయ్యి దించడానికి పరువు ఒప్పుకోలేదు. ఆన్‌లైన్లో పేడే లోన్ తీసుకున్నాడు. జీతం రోజున తీర్చాల్సిన అప్పు అది, జీతమే లేనివాడికి జీతం రోజెక్కడిది? గడువు పొడిగించిన కొద్దీ ఫీజులు పెరిగి బిర్యానీ ఖర్చును దాటిపోయాయి. చివరికి, అమెరికాలో నర్సింగ్ పరీక్ష రాయడానికని లూసీ దాచుకున్న డబ్బుతో ఆ పీడ వదిలించుకున్నాడు. ఇంట్లో బ్యాంకు వ్యవహారం అతనిదే కాబట్టి ఆమెకు తెలియలేదు. వచ్చే వారం ఆమె ఫీజు కట్టాలి.

జీతం విచారించకుండా, తీర్చలేని మనిషికి అప్పిచ్చామని తేలితే ఫీజులు తిరిగిస్తామని ఆ కంపెనీయే ఈమధ్య ప్రకటించింది. అయితే అతని ఇబ్బంది తెలిసినవాళ్ళు ఇద్దరు సాక్ష్యం చెప్పాలంది. షాలేం రాజు పాస్టర్‌గారి పేరూ, సంఘంలో పెద్దదిక్కయిన పర్సిస్ ఆంటీ పేరూ ఇచ్చాడు. అప్పు మాట చెప్పడానికి నోరు రాక, ఇద్దరితోనూ ఒకటే అన్నాడు.

"ఎవరో ఫోన్ చేస్తారండి. మా ఇంటి పరిస్థితి ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చాలు."

అతని తమ్ముడికి అప్పుడు సంబంధాలు చూస్తున్నారు. మనవాళ్ళలో ఒక ఇంటి పరిస్థితి గురించి బయటివాళ్ళు ఎందుకు ఆరా తీస్తారో ఎవరికైనా తెలిసిందే. ఆ శనివారం ఉదయమే ఫోన్ చేసిన కంపెనీ అమ్మాయి అప్పుల సంగతి పరాయివాళ్ళ దగ్గర ఎత్తకూడదు గనక, ఆ కుటుంబానికి డబ్బు ఇబ్బందులు ఉండేవా అని మాత్రం ఇంగ్లీషులో అడిగింది. ఇక్కడే పుట్టిపెరిగిన పెళ్ళికూతురి అక్క కాబోలనుకున్నారు ఏసుపాదంగారు. ఇబ్బందా, సంఘమంతటికీ మటన్ బిర్యానీ పెట్టిన చెయ్యి అది అన్నారు. దైవజనుడు గనక అక్కడితో ఆగారు.

పర్సిస్ ఆంటీకి ఆ మొహమాటం లేదు. నూరు అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు కదా, ఆవిడ షాలేం రాజు వాళ్ళకు నర్సాపురంలో మాటల్లోనే రెండు మేడలు కట్టించింది, వాటి వెనక రొయ్యల చెరువులు తవ్వించింది. అంతటితో ఊరుకోక లూసీకి ఫోన్ చేసి, సంబంధం ఖాయమైనట్టేనని శుభవార్త చెప్పింది. లూసీ వంకాయలు అక్కడే వదిలేసి ఇంటికొచ్చేసింది.

ఆమె గుమ్మంలో అడుగు పెట్టేసరికి షాలేం రాజు ఫోన్ స్పీకర్‌లో ఉంది. మేడలూ చెరువులూ ఉన్న మనిషికి ఇబ్బందేమిటి, రిఫండ్ ఇవ్వలేమంటోంది కంపెనీ అమ్మాయి. కుడితిలో పడ్డ ఎలుకలా అతను భార్యను చూశాడు.

"ఏ రిఫండండీ?" అంది లూసీ.

ఇక దాచడానికేమీ మిగల్లేదు. చెప్పాడు. పరీక్ష డబ్బు మాట మాత్రం చివర్న, నేల చూస్తూ చెప్పాడు.

లూసీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోపం అంతకంటే ఎక్కువే వచ్చింది. నర్సాపురం ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి డాక్టర్లనే నిలదీసిన మనిషి ఆమె. ఫోన్ లాక్కుని ఇంగ్లీషులో అడిగింది. ఈ మేడల సంగతి మీకు ఇవాళ కదా తెలిసింది, మరి అప్పిచ్చిన రోజు ఏం చూసి ఇచ్చారు? అప్పుడు ఈయన జీతమెంతని రాసుకున్నారు?

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది. జీతం దగ్గర ఖాళీగా ఉందని కంపెనీ అమ్మాయి మెల్లగా ఒప్పుకుంది. ఆ తర్వాత పై అధికారి వచ్చాడు, క్షమాపణ చెప్పాడు, ఫీజులన్నీ సోమవారం తిరిగి వేస్తామన్నాడు.

"పరీక్ష ఫీజు నేనే కడతాను. ఇవాళ్టి నుంచి బ్యాంకు పాస్‌వర్డ్ నా దగ్గరుంటుంది," అంది లూసీ. అతను పాస్‌వర్డ్ కాగితం మీద రాసిచ్చాడు. వదిలేసొచ్చిన వంకాయల కోసం కూడా తనే వెళ్ళాడు.

మర్నాడు ఆరాధనకు వెళ్ళేసరికి చెరువుల సంగతి సంఘమంతా పాకిపోయింది. ఈ క్రిస్మస్‌కు విందు ఎవరిదని ఏసుపాదంగారు అడగ్గానే, రొయ్యల బిర్యానీ అయితే బాగుంటుందని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. తలలన్నీ షాలేం రాజు వైపు తిరిగాయి. అలవాటైన చెయ్యి మెల్లగా లేవబోయింది. లూసీ దాన్ని గట్టిగా పట్టుకుని తను లేచి నిలబడింది.

"విందు ఎవరు పెట్టినా సరే అయ్యగారూ, గిన్నెలు తోమే పని మాత్రం మావారిది."

షాలేం రాజు అంత గట్టిగా ఆమేన్ అనగా సంఘం వినడం అదే మొదటిసారి.