మెల్లగా పాడమ్మా

ఒక పెద్ద అడవిలో సంగీతానికి కూడా ఒక కమిటీ ఉండేది. దానికి అధ్యక్షుడు మయూరభూషణం అనే నెమలి. ఆయన పాట ఒకసారి విన్నవాళ్ళెవరూ రెండోసారి అడగలేదు. కానీ అంత అందమైన తోక ఉన్నవాడికి సంగీతం రాకుండా ఉంటుందా అని అందరూ కలిసి ఆ పదవిలో కూర్చోబెట్టారు. కార్యదర్శి జంబులింగం అనే నక్క. అధ్యక్షుడు తుమ్మితే "శ్రుతి తప్పలేదండీ!" అనడం అతని ఉద్యోగం.

ఏటా తొలకరికి పెద్ద ఉత్సవం జరిగేది. అందులో పాడాలంటే ముందు కమిటీకి వినిపించాలి.

ఆ ఏడాది ముగ్గురు ఆడవాళ్ళు ఒక జట్టుగా వచ్చారు. పాడేది కాకి కజ్జలి. ఎండు మాను మీద దరువేసేది వడ్రంగిపిట్ట టంకమ్మ. వెనక బెకబెకమని వంత పాడేది కప్ప కుముదిని. కప్పల ఇళ్ళల్లో ఆడవాళ్ళు నోరెత్తే ఆచారం లేదు. వానలు వెళ్ళేలోగా కుముదినిని బావిలో ఉండే ఒక పెద్దమనిషికిచ్చి పెళ్ళి చేయాలని ఇంట్లో అనుకుంటున్నారు. ఈ ఉత్సవమే ఆమెకు మిగిలిన ఆశ.

కజ్జలి రెక్కలు విప్పి ఎత్తుకుంది. పల్లవి పూర్తి కాకుండానే మయూరభూషణం చెవులు మూసుకున్నాడు.

"ఎవరయ్యా ఈ గయ్యాళులు?" అన్నాడు నక్క.

"తప్పు జంబులింగం, ఆడపిల్లలు," అని అధ్యక్షుడు గొంతులో తేనె పోసుకున్నాడు. "చూడు తల్లీ, మెల్లగా పాడమ్మా. నవ్వుతూ పాడమ్మా. రెక్కలు ముడుచుకుని పాడమ్మా. వినేవాళ్ళకి నిద్ర పట్టాలి గానీ, ఉన్న నిద్ర చెడకూడదు."

"మెల్లగా కొడితే మానులో పురుగు బయటికి రాదండీ," అంది టంకమ్మ.

"అందుకే మిమ్మల్ని పురుగులు ఏరుకోమంటున్నాం," అన్నాడు నక్క. కమిటీ అంతా పకపకా నవ్వింది.

ముగ్గురూ వాగు ఒడ్డుకొచ్చి కూలబడ్డారు. కుముదిని నీళ్ళలోకి చూస్తూ ఏడ్చింది. ఆమెను నవ్వించాలని కజ్జలి మెడ సాగదీసి, లేని పింఛాన్ని విప్పినట్టు తిరుగుతూ, "మెల్లగా పాడమ్మా... నవ్వుతూ పాడమ్మా..." అని అధ్యక్షుణ్ణి దించేసింది.

టంకమ్మ ముక్కు దానంతటదే చెట్టు మీద దరువేసింది. కుముదిని ఏడుపు మధ్యలోనే "బెక్!" అంది. ముగ్గురూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

"మళ్ళీ అను," అంది టంకమ్మ.

పాట అలా పుట్టింది. ప్రతి చరణమూ జోలపాటలా మెల్లగా మొదలై, "రెక్కలు ముడుచుకుని పాడమ్మా" దగ్గరికి వచ్చేసరికి ఆకులు రాలేంత "కావ్!"తో ముగిసేది. జట్టుకు పేరు వెతుక్కునే పని లేకపోయింది. నక్క పెట్టిన పేరే ఉంచేసుకున్నారు: గయ్యాళులు.

పాట దావానలంలా పాకింది. లేళ్ళు గెంతుతూ పాడాయి. మేత గురించి మొగుడు సలహా ఇస్తే అడవిగేదె "మెల్లగా పాడమ్మా" అని తోక ఊపి వెళ్ళిపోయేది. బావి పెళ్ళివారు కబురు పంపారు: "మా బావి చిన్నది, మీ అమ్మాయి గొంతు పెద్దది. క్షమించాలి." కుముదిని ఆ రోజు వాగంతా ఈదింది.

ఉత్సవంలో ఆ పాట ఉండాల్సిందేనని ఏనుగమ్మలే పట్టుబట్టేసరికి కమిటీకి దిక్కు తోచలేదు.

"నిషేధిద్దామా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఏనుగమ్మల్ని ఎవరు ఆపుతారండీ? అయినా ఆలోచించండి. ఆ మాటలన్నీ తమరివే కదా!" అన్నాడు నక్క.

మయూరభూషణం ఒక్కో మాటా గుర్తు చేసుకున్నాడు. నిజమే. ఛాతీ ఉబ్బింది. "అంటే, ఈ అడవి మొత్తం పాడుతున్నది నా కవిత్వమన్నమాట!"

ఉత్సవం నాడు వేదికెక్కి, గీత రచయిత తానేనని ప్రకటించాడు. గొడవ జరుగుతుందని అందరూ ఎదురుచూశారు. కజ్జలి వినయంగా వంగింది.

"అక్షరాలా నిజం. ప్రతి మాటా వారిదే. ఎలా పుట్టిందో వారి నోటనే వినాలని మా కోరిక."

అధ్యక్షుడు కళ్ళు మూసుకున్నాడు. "ఒకనాడు నీలమేఘాన్ని చూసి పరవశించిపోయి..."

"ఏ మేఘమండీ?" ముందు వరసలోంచి ఆయన భార్య చిత్రాంగి లేచింది. "పెళ్ళైన మర్నాటి నుంచి ఇంట్లో నాకు చెబుతున్నది ఇదేగా!"

"నాక్కూడా కమిటీ ముందు ఇదే చెప్పారు," అంది మైనా.

"నాక్కూడా!" అంది చిలకమ్మ. వరసలు వరసలుగా ఆడవాళ్ళు లేచారు. చిత్రాంగి వేదికెక్కి, ఇన్నేళ్ళుగా దాచుకున్న కేకనంతా ఒక్కసారిగా వదిలింది. టంకమ్మ దానికి దరువు కలిపింది. ఆ సాయంత్రమే జట్టు నలుగురైంది.

మయూరభూషణం పదవి ఎక్కడికీ పోలేదు. పైగా ఉత్తమ గీత రచయిత బిరుదు కూడా ఇచ్చారు. కాకపోతే ఇప్పుడు కమిటీ కూర్చున్నప్పుడల్లా నలుగురు ఆడవాళ్ళు ఎదుట చేరి, రెండో పాట కోసం ఆయన నోటివంక ఎంతో గౌరవంగా చూస్తూ ఉంటారు. పాపం, ఆయన తుమ్మడం కూడా మానేశాడు.

నీతి: పెద్దల నోరు మూయించాలంటే ఎదురు చెప్పనక్కర్లేదు, వాళ్ళ మాటకు రాగం కట్టి కింద వాళ్ళ పేరే వేయాలి.