ఆవిడ మందు, ఆయన మోకాళ్ళు

ఆ సోమవారం పొద్దున్న టైలరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా స్కూలు యూనిఫారాలకు కాజాలు కుట్టెయ్యాలి. తన మోకాళ్ళ మందు మొగుడి చేత మింగించాలి.

"మింగడానికి అది మాత్ర కాదే, ఫోన్లో యాప్" అన్నారు ఆవిడ మొగుడు, రిటైరైన లెక్కల మాస్టారు.

నిజమే. మోకాళ్ళ నొప్పికి డాక్టరమ్మ ఈసారి చీటీలో మాత్రలకు బదులు యాప్ రాసింది. రోజూ ఫోను ముందు వ్యాయామం చేస్తే, కెమెరా కాళ్ళను చూసి ఆస్పత్రికి కబురు పంపుతుంది. యాప్‌తో నయం కాకపోతేనే ఆపరేషన్ అని ఇన్సూరెన్సువాళ్ళ కొత్త నియమం. ఆపరేషన్ మాటెత్తితేనే టైలరమ్మకు గుండె జారిపోతుంది, పొద్దస్తమానం చేతిలో కత్తెర ఉన్నా సరే.

"నాకు తీరికేదీ? అది నడుం కిందే చూస్తుంది. నా పువ్వుల పైజమా వేసుకుని మీరు చేసెయ్యండి. మొగుడూ పెళ్ళాలన్నాక ఎవరి కాళ్ళైతేనేం?"

మాస్టారు వంగారు. మోకాళ్ళు పాత తలుపులా కిర్రుమన్నాయి. యాప్ ఆ ముక్క ఆస్పత్రికి మోసేసి, ఇకనుంచి సాయంత్రం కూడా చెయ్యాలంది.

"అలా కాదండీ! వీపు నిటారుగా పెట్టి, ఇదిగో ఇలా!" అంటూ టైలరమ్మ రోజూ మిషన్ దగ్గర్నుంచి లేచొచ్చి, కెమెరాకు అందకుండా గోడ పక్కన చేసి చూపించేది. ఆయన మళ్ళీ తప్పు చేసేవారు. ఆవిడ తిట్టుకుంటూ మళ్ళీ చూపించేది.

నెల తిరిగేసరికి యాప్ వేసే మార్కులు పడిపోతున్నాయని ఇద్దరూ హడలి, ఒకరోజు పక్కింటి ఫుట్‌బాల్ కోచ్‌ని బతిమాలి ఆ పైజమా తొడిగారు. యాప్ "అద్భుతం!" అని పొంగిపోయింది. మర్నాడు మళ్ళీ మాస్టారు. రాత్రికి రాత్రే మోకాళ్ళు కుప్పకూలాయనుకుని ఆస్పత్రివాళ్ళు కంగారుపడ్డారు. ఆపరేషన్‌కి వెంటనే రమ్మని ఫోను.

టైలరమ్మ మాస్టారిని వెంటబెట్టుకుని ఏడుస్తూ వెళ్ళింది. "కొయ్యకు తల్లీ! ఆ మోకాళ్ళు నావి కావు, మా ఆయనవి!"

"గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నారు కదమ్మా!" అని డాక్టరమ్మ తల పట్టుకుని, ఆవిడ మోకాలు వంచి చూసింది. నమ్మలేక ఇంకోసారి వంచింది. నొప్పి లేదు, వాపు లేదు. "రోజూ వ్యాయామం చేశారా?"

"నేనెక్కడ చేశానండీ? ఈయనకు చేతకాకపోతే చూపించానంతే."

తనకు ఆపరేషన్ తప్పిందని అర్థమయ్యేసరికి ఆవిడ ఆనందంతో డాక్టరమ్మకు దణ్ణం పెట్టేసింది. డాక్టరమ్మ మాత్రం మెల్లగా మాస్టారి కుర్చీ వైపు తిరిగింది. "అయితే ఆపరేషన్ కావలసిన మోకాళ్ళు మీవన్నమాట!"

కుర్చీ ఖాళీ.

మాస్టారు వీధి దాటుతున్న వేగం కిటికీలోంచి చూసి, ఆయనకు ఏ చికిత్సా అక్కర్లేదని డాక్టరమ్మ రాసేసింది.