పెద్దమ్మ వచ్చినట్టా, రానట్టా

మనిషి ఒక చోటికి వచ్చాడా లేదా అన్నది ఆ మనిషి తేల్చుకోగలిగిన విషయం కాదు. అందుకే మా కుట్టుమిషన్ల కంపెనీ, తన వెబ్‌సైటుకు వచ్చేవాళ్ళను లెక్కపెట్టడానికి మూడు సాధనాలు కొన్నది. (ఒక్కటే కొంటే అది చెప్పింది నమ్మాల్సి వస్తుంది.)

మొదటిది గడప తొక్కిన ప్రతిదాన్నీ లెక్కిస్తుంది, అది మనిషైనా సరే, ఊరికే తిరిగే యంత్రమైనా సరే. రెండోది 'మిమ్మల్ని లెక్కపెట్టమంటారా?' అని అడిగి, 'సరే' నొక్కినవాళ్ళనే లెక్కిస్తుంది. మూడోది, పేజీ మీద వేలు కదిపితేనే మనిషిగా గుర్తిస్తుంది. చిరుగులు రఫ్ఫు చేయడం గురించి మా ఆఫీసులో ఒక అమ్మాయి రాసే పేజీకి మొదటిది తొమ్మిది వందలమంది వచ్చారంది. రెండోది పదకొండుమంది అంది. మూడోది ఇంకా ఆలోచిస్తోంది.

కంపెనీ వెంటనే ఒక ఏకాభిప్రాయ అధికారిని నియమించింది. ఆయన పెట్టిన నిబంధన చిన్నదే: మూడు లెక్కలూ కలవని పేజీ ఉండదు. (పేజీ లేకపోతే, దాన్ని రాసే మనిషికి జీతమూ ఉండదు.)

"మా పెద్దమ్మ రోజూ చదువుతుంది సార్," అంది అమ్మాయి. "ఆవిడతో పరీక్షించి చూడండి."

పరీక్ష జరిగింది. పెద్దమ్మ తన ఫోన్లో తెరిచింది, అక్షరాలు కళ్ళకు ఆనక పెదనాన్న ఫోన్లో మళ్ళీ తెరిచింది. రెండుచోట్లా 'వద్దు' నొక్కి, ఫోన్ ఎదురుగా ఆనించి, సూది పట్టుకుని కూర్చుంది. మొదటి సాధనం ఇద్దరొచ్చారంది. మిగతా రెండూ ఎవరూ రాలేదన్నాయి.

అధికారి ఫోన్ చేశారు. "అమ్మా, మీరు రాలేదండీ."

"రాకుండానే మీ పెదనాన్నగారి మోచేతి చిరుగు కుట్టానా నాయనా?"

"ఆయన మా పెదనాన్న కాదండీ. అసలు 'సరే' ఎందుకు నొక్కలేదు?"

"ముక్కూ మొహం తెలియనివాడు అడిగితే సరే అంటారా ఎవరైనా?"

"పోనీ, వేలు కదపొచ్చుగా?"

"సూది గుచ్చుకుంటే నువ్వొచ్చి కట్టు కడతావా?"

(ఈ సంభాషణను రెండు సాధనాలు నమోదు చేయలేదు.)

పేజీ తీసేశారు. మర్నాడు ఆ పేజీకి మూడు సాధనాలూ మొట్టమొదటిసారి ఒకే అంకె చూపించాయి: సున్నా. అధికారిగారికి సన్మానం చేశారు. దండ వేయించుకోవడానికి వంగినప్పుడు ఆయన కోటు భుజం దగ్గర పర్రున చిరిగింది.

ఆ సాయంత్రం ఆయన రఫ్ఫు పేజీ కోసం వెబ్‌సైటంతా వెతికారు. పేజీయే లేదు కాబట్టి, మూడు లెక్కల ప్రకారమూ ఆయన రాలేదు.