నెట్‌వర్క్ కార్డుకు మా మండలం కృతజ్ఞతలు

కంప్యూటర్‌ను నడిపే లినక్స్‌ను కొత్తది చేయగానే, నెట్ తెచ్చే నెట్‌వర్క్ కార్డు మూగబోవడం కంటే పశువుల కాపరికి మేలైనది లేదని నేను ఢంకా బజాయించి చెబుతాను. నవ్వకండి! మా మండల పశువైద్య కార్యాలయం అరుగు మీద తొమ్మిది రోజులు ఆ మేలు అనుభవించి మరీ రాస్తున్నాను.

సంగతి చిన్నదే. వానల్లేక మావైపు గడ్డి మాడిపోయింది. మా ఊరి ముసలి కాపరి కబ్విగుమిరా తన మందను కగేరా నది ఒడ్డుకు తోలుకుపోవాలి. మండలం సరిహద్దు దాటాలంటే పర్మిట్ ఉండాలి. ఒకప్పుడు కాగితం మీద రాసి ముద్ర గుద్దేవారు. ఇప్పుడు నెట్ ద్వారా కంప్యూటరే ఇవ్వాలి. లేదంటే గేటు దగ్గర పోలీసులు మందను వెనక్కి తిప్పుతారు.

సరిగ్గా మేం పర్మిట్ కోసం వెళ్లిన సోమవారమే పశువైద్యాధికారి కముగాషా గారు లినక్స్‌ను అప్‌గ్రేడ్ చేశారు. పాతదానికేం రోగం? ఏమీ లేదు. తెర అడిగింది, ఆయన సరేనన్నారు. మేం అడిగితే ఎన్నడైనా సరేనన్నారా!

కొత్త లినక్స్ ఆ కార్డును గుర్తుపట్టలేదు. డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాం పెడితే గుర్తుపడుతుందట. అదెక్కడ దొరుకుతుంది? నెట్‌లో! నెట్ రావాలంటే? డ్రైవర్ ఉండాలి! ఇంత గుండ్రటి జ్ఞానం మా ఊరి బడిలో నాకెవరూ చెప్పలేదు.

లాభాలు చూడండి. ఏళ్ల తరబడి మాటల్లేని పాలివాళ్లు అరుగు మీద మాట కలిపారు. ఆవులకు నది దాకా నడిచే శ్రమ తప్పింది. కొన్నింటికి లేచి నిలబడే శ్రమ కూడా తప్పింది.

"సారూ, ఇయ్యాళైనా...?" అని కబ్విగుమిరా రోజూ అడిగేవాడు.

"డ్రైవర్ లేదు పెద్దాయనా, నన్నేం చెయ్యమంటావ్? రాజధాని నుంచి మనిషి రావాలి." ఆయన ఫోన్‌లోంచి తలెత్తేవారు కారు.

తొమ్మిదో రోజు, టీ అమ్మే న్యామిషానా గ్లాసు బల్ల మీద పెడుతూ ఆగింది. "ఆటలో గోలు పడ్డట్టుందే సారూ! మీ ఫోన్లో నెట్ ఇంత బాగుందే, ఆ ఛార్జింగ్ తీగ కంప్యూటర్‌కి గుచ్చితే దానికీ రాదూ? మా అక్క కొట్లో అట్టాగే చేస్తది."

"ఆ ముక్క మొదటి రోజే చెప్పొద్దూ?"

"మీకా? నేనా? బాగుంటదా సారూ?"

తీగ గుచ్చారు. డ్రైవర్ దిగింది. టీ చల్లారేలోపు కార్డుకు ప్రాణమొచ్చింది. తొమ్మిది రోజులూ నెట్ ఆయన చేతిలోనే ఉంది, ఫుట్‌బాల్ ఆడుకుంటూ!

మరి నేను? నేనూ చూశాను. ఆ ఫోన్‌లో బంతి దొర్లడం చూశాను, పక్కనే తీగ చూశాను. నా మనవరాలు అలా తగిలించడం ఇంట్లో ఎన్నిసార్లో చూశాను. అధికారికి చెప్పడం మర్యాద కాదని నోరు విప్పలేదు. మర్యాదలో మమ్మల్ని మించినవారు లేరు!

"ఎన్ని ఆవులు?" కముగాషా గారు అడిగారు.

మేం ఆవులను లెక్కపెట్టం, అరిష్టం. కబ్విగుమిరా ఒక్కోదాని పేరూ చెబుతూ పోయాడు. అధికారి వేళ్లు మడుస్తూ పోయారు. "బిహోగో..." అని అతను ఆగిపోయాడు.

"అది తీసెయ్యండి సారూ. నిన్న పొద్దున పడుకుంది. లేవలేదు."

"కానివ్వవయ్యా తొందరగా," అన్నారు కముగాషా గారు, "ఒకళ్ల బద్ధకానికి ఊరంతా ఆగాలా?"